కోరయ్య కంచె కింద కన్నం

అనగనగా ఒక అడవి. పులి ఎప్పుడొస్తుందని అప్పుడే అడక్కండి, ఈ కథలో పులి లేదు. ఒక తాబేలు ఉంది, ఒక అడవిపంది ఉంది, మధ్యలో ఒక ముళ్ళకంచె ఉంది. గొడవ పడ్డానికి ఆ మాత్రం చాలదూ?

తాబేలు పేరు డిప్పమ్మ. వాగులో ఉండేది. తాబేళ్ళు నీళ్ళలో ఉన్నా గుడ్లు మాత్రం నీటి అంచున పెట్టవు. వరదొస్తే కొట్టుకుపోతాయని భయం. అందుకని డిప్పమ్మ వాలు ఎక్కీ ఎక్కీ, పైన మెట్ట మీద పొడి మట్టిలో గుంట తవ్వి గుడ్లు పెట్టింది. మట్టి కప్పి, పొట్టతో అదిమి చదును చేసింది. తొలకరి వాన పడగానే పిల్లలు బయటికొస్తాయి. వాలు ఎటుంటే అటు తిన్నగా దిగి వాగులో పడతాయి. చుట్టూ తిరిగి రావడం వాటికి తెలీదు. పుట్టి పూటైనా కాని వాటికి ఏం తెలుస్తుంది పాపం!

ఇంతలో ఎక్కణ్ణుంచో కోరయ్య అనే అడవిపంది వచ్చి వాలు మధ్యలో మకాం పెట్టాడు. అక్కడ చిన్న ఊట ఉంది. ఊట నీళ్ళు పోకుండా కింది వైపు మట్టి గట్టు వేసి, బురద మడుగు చేసుకున్నాడు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఊరుకున్నాడా? ఆ బండ నుంచి ఈ బండ దాకా గట్టు మీద రేగుకంప పరిచి కంచె వేసేశాడు. మెట్ట మీంచి వాగుకి దిగే దారి మూసుకుపోయింది.

డిప్పమ్మ ఆ కంచె చూసింది. పిల్లలు ఆ ముళ్ళలో చిక్కుకుంటే ఇంకేమైనా ఉందా? కాకులు వరసగా ఎత్తుకుపోవూ?

వెళ్ళి మర్యాదగానే అడిగింది.

"తమ్ముడూ కోరయ్యా, కంచెలో మూరెడు సందు వదులు నాయనా. నా పిల్లలు దిగిపోతాయి."

"ఇవాళ నీకు మూరెడు, రేపు జింకకి బారెడు, ఎల్లుండి ఏనుగొచ్చి గేటు పెట్టమంటుంది! ఇది నా చోటు. పో, పో!" అన్నాడు కోరయ్య.

మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఈసారి మర్యాద ఇంట్లో పెట్టి వెళ్ళింది.

"నువ్వు నిన్నగాక మొన్నొచ్చావు. మా అమ్మ ఈ వాలే దిగింది, మా అమ్మమ్మ ఈ వాలే దిగింది. దారి నీ అబ్బ సొమ్మా?"

"అబ్బ దాకా వచ్చావా!" అని కోరయ్య బుసలు కొట్టి, ఇంకో మోపు కంప ఈడ్చుకొచ్చి కంచె మీద పడేశాడు. చూశారా? నోరు పెరిగింది, కంచె పెరిగింది. పని మాత్రం కాలేదు.

ఆకాశంలో మబ్బులు పట్టడం మొదలైంది. డిప్పమ్మకి నాచు కూడా సయించలేదు. అప్పుడొచ్చాడు తవ్వులయ్య. వీడు పందికొక్కు. పిలవని చోటికి ముందు వస్తాడు.

"పిన్నీ, ఏంటీ దిగులు? ముళ్ళు కంచె మీద ఉన్నాయి గానీ కంచె కింద లేవుగా! మధ్యాహ్నం కోరయ్య దుంపలు తవ్వుకోడానికి వెళ్తాడు. ఆ కాసేపట్లో ఒక కన్నం వేసి పడేస్తా. నీ పిల్లలు దర్జాగా దిగుతారు."

"తప్పేమోరా అబ్బాయ్?"

"దారి మనదైనప్పుడు తప్పేంటి?"

డిప్పమ్మ మబ్బుల వైపు చూసింది. మెట్ట వైపు చూసింది. "సరే, కానియ్" అంది.

తవ్వులయ్యకి తవ్వడం బాగా తెలుసు. ఎక్కడ తవ్వకూడదో మాత్రం తెలీదు. చేతికి మెత్తగా తగిలిన చోటల్లా తవ్వుకుంటూ పోయాడు. అది మడుగు గట్టు, తడిసి మెత్తగా ఉంది, ఆ సంగతి బుర్రకెక్కలేదు. ముందు బుడబుడమంది. తర్వాత దబదబమని నీళ్ళు ఎగదన్నాయి. తవ్వులయ్య బురదలో దొర్లుకుంటూ వచ్చి వాగు ఒడ్డున పడ్డాడు.

"పిన్నీ, నాకు పనుంది!" అని తోక ఎత్తుకుని ఒకటే పరుగు. దొంగ సచ్చినోడు!

కోరయ్య మడుగు ఖాళీ అయిపోతోంది. డిప్పమ్మకి వాగు రెండడుగుల్లో ఉంది. మునిగిపోతే ఎవరు చూడొచ్చారు? కానీ ఆవిడ మనసొప్పలేదు.

"నా పిల్లల కోసమే చేశాను, నిజమే. ఈ నీళ్ళు పోతే అతని గతేంటని ఒక్కసారైనా అనుకున్నానా?" అనుకుంది. గబగబా గట్టెక్కింది. వెనక్కి వెనక్కి నడిచి, కన్నంలోకి దూరి, కాళ్ళు ముడుచుకుని, బిరడాలా బిగుసుకుపోయింది. నీళ్ళు ఆగాయి.

కోరయ్య వచ్చాడు. సగమైన మడుగు చూశాడు. కంచె మీంచి కిందికి తొంగి చూశాడు.

"ఎవర్రా అది!"

"నేనే."

"కన్నం నువ్వు వేశావా?"

"నేనే వేయించాను. తవ్వింది ఇంకొకడైనా కానియ్ అన్నది నేను. నువ్వు తిట్టాల్సినవి చాలా ఉంటాయి, తప్పు లేదు. కానీ ముందు మట్టి తీసుకురా, తర్వాత తిట్టు. నేను ఎంతోసేపు ఆపలేను."

కోరయ్య తిట్లు లంకించుకున్నాడు. ఆ మాటలు మీకు చెప్పను. తిడుతూనే మూతితో బంకమట్టి తోశాడు, తిడుతూనే తొక్కాడు. గట్టు నిలిచింది. డిప్పమ్మ ఆయాసపడుతూ బయటికొచ్చి, తడి మట్టి మీద పొట్టతో పాకి పాకి నున్నగా అదిమింది. కోరయ్య తిట్లు నెమ్మదిగా ఆగిపోయాయి.

"ఇంతకీ నాయనా," అంది డిప్పమ్మ, "ఈ కంచె ఎందుకు వేశావు?"

ఆ మాట అడగడం ఇదే మొదటిసారి. కోరయ్య చెవి బండకి రాసుకుంటూ చెప్పాడు.

"నా పాత చోట అడవిదున్నలు మందలు మందలుగా వచ్చి గట్టు తొక్కేశాయి. మడుగు ఎండిపోయింది. బురద లేకపోతే నాకు ఒళ్ళంతా రక్తం పీల్చే పిడుదులు పడతాయి. చెవుల్లో పట్టాయి, కళ్ళ చుట్టూ పట్టాయి. చెట్లకి రాసుకుని రాసుకుని చర్మం లేచిపోయింది. అందుకే గట్టు దగ్గర ఎవరి అలికిడైనా నాకు భయం."

"అయ్యో! ఈ మాట ముందే చెప్పొచ్చుగా!"

"నువ్వడిగావా? నీ అబ్బ సొమ్మా అన్నావు!"

డిప్పమ్మ సిగ్గుపడి తల డిప్పలోకి లాక్కుంది. కాసేపటికి మళ్ళీ బయటపెట్టింది.

"అదిగో, ఆ బండ పక్కన మడుగు లేదు, అంతా గట్టి నేల. అక్కడ నా వెడల్పు సందు ఇస్తే చాలు. జింక పట్టదు, దున్న అసలే పట్టదు. నీ గట్టు నేను అదిమి పెడతాను."

కోరయ్య గుర్రుమన్నాడు. గుర్రుమంటూనే వెళ్ళి ఒక కొమ్మ లాగి పక్కన పడేశాడు.

ఆ రోజు నుంచి డిప్పమ్మ రోజూ మెట్ట నుంచి ఆ సందు దాకా, సందు నుంచి వాగు దాకా పొట్ట ఈడ్చుకుంటూ తిరిగింది. నేల మీద నున్నటి గాడి పడింది.

తొలకరి వచ్చింది. మట్టి కదిలింది. పిల్లలు బుల్లి బుల్లి తలలు బయటపెట్టి, గాడిలో ఒకదాని వెనక ఒకటి జారుకుంటూ వాగులోకి దిగాయి. డిప్పమ్మ ఆనందం ఇంతా అంతా కాదు! కానీ ప్రతి ఇంట్లో ఒక తిక్కది ఉంటుంది కదా, ఎవరో నేను చెప్పక్కర్లేదు. ఒక పిల్ల గాడి దాటి సరాసరి మడుగులో పడింది. మడుగులో కోరయ్య పడుకుని ఉన్నాడు.

"కోరయ్యా! కదలకు!" అని అరిచింది డిప్పమ్మ.

కోరయ్య కదల్లేదు. పిల్ల అతని మూతి పట్టుకుని ఎక్కింది. ముక్కు మీద కూర్చుంది. కోరయ్యకి తుమ్ము తన్నుకొస్తోంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఊపిరి బిగబట్టి, అడుగులో అడుగు వేసుకుంటూ సందు దగ్గరికి నడిచాడు. మూతి వంచి పిల్లని మెల్లగా గాడిలో దింపాడు.

"బండ పక్కనుంచి పొమ్మన్నానా లేదా!" అని గుసగుసగా కసిరాడు. పిల్ల జారిపోయింది.

అప్పుడు తుమ్మాడు చూడండి, వాగు అవతల కొంగలన్నీ లేచిపోయాయి. తుమ్మి, మూతి తుడుచుకుని, వాగు వైపు చూసి అడిగాడు.

"అన్నీ దిగాయా అక్కా? సరిగ్గా చూసుకున్నావా?"

నీతి: పక్కవాడి కంచెకి కన్నం పెట్టే ముందు, ఆ కంచె ఎందుకు కట్టాడో ఒక్కమాట అడగండి. తప్పు చేస్తే పారిపోకుండా ముందుకొచ్చి ఒప్పుకోండి. మూసిన దారి అప్పుడే తెరుచుకుంటుంది.