చల్లపొయ్యి పత్రం

అనగనగా అని మొదలుపెట్టను. అలా అంటే ఎప్పుడో అయిపోయిన సంగతి అనుకుంటారు. ఒకానొక రాజ్యం అందాం, పేరు మేఘవరం. ఏలేవాడు ఉద్దండ భూపతి. పేరుకు తగ్గ మనిషే. ఆయన తుమ్మితే "చిరంజీవ" అనడానికే సభలో నలుగురికి ఉద్యోగాలుండేవి.

ఆ రాజుగారు కోట మీద తెల్లటి సున్నపు మేడ కట్టించుకున్నాడు. ఏడాది తిరక్కుండానే గోడలు నల్లబడ్డాయి. నల్లబడవా మరి? మేడ కిందే వంటశాల. ముప్పై పొయ్యిలు పగలంతా మండుతుంటాయి. ఏనుగులకు ఉలవలు ఉడకేసే గాడిపొయ్యిలు వేరే. కళ్లున్నవాడెవడికైనా కారణం తెలిసిపోతుంది. మంత్రి విశ్వంభరుడికి మాత్రం ఇంకోలా తెలిసింది.

"ప్రభూ, పొగకు పొలిమేరలు లేవు. ఊళ్లో లేచే ప్రతి పొగా ఆకాశంలో కలిసి తమరి మేడకే చేరుతోంది. జనానికి అదుపు ఉండాలి. పొయ్యికింత అని పన్ను వేయండి" అన్నాడు.

తన వంటశాల మాట ఎత్తనందుకు రాజుకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడే దండోరా. కోట బురుజుల మీద పొగకాపరులు కూర్చున్నారు. ఎక్కడ పొగ కనిపిస్తే అక్కడికి పరుగు. అంబలి కాచుకున్నా పన్నే, బాలింతకు నీళ్లు కాచినా పన్నే. వచ్చిన సొమ్ముతో రాజు మేడ మీద ఇంకో అంతస్తు లేపాడు. దానికి సున్నం కావాలి కదా! ఆ సున్నపు బట్టీలు ఆ రాజ్యంలో ఎన్నడూ లేనంత పొగ కక్కాయి. వాటి వైపు ఏ కాపరీ పరుగెత్తలేదు.

మరి కోటలో పొగకు పన్నెవరు కడతారని అడుగుతారేమో. అక్కడే చూడండి మంత్రి బుర్ర. ఊళ్లో ఎవరైనా ఒక పూట పొయ్యి వెలిగించకుండా ఉంటే, వాళ్లకు తాటాకు మీద 'చల్లపొయ్యి పత్రం' రాసిస్తారు. దాన్ని కోటవారు గుప్పెడు నూకలిచ్చి కొనుక్కుంటారు. వాళ్ల పొయ్యి చల్లగా ఉంది కాబట్టి, రాజుగారి పొయ్యిలో పొగ రానట్టే లెక్క. ఆ నూకలు వండుకోవాలంటే మళ్లీ పొయ్యి వెలిగించాలి, మళ్లీ పన్ను. మీకు నవ్వొస్తోందేమో, నాకైతే ఒళ్లు మండుతోంది.

కోట వెనక కుమ్మరివీధిలో గురవమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాక ఒంటరిగానే సారె తిప్పి కుండలు చేసుకుని బతుకుతోంది. పచ్చికుండల్ని కాల్చే ఆవంలో పేర్చాక, ముందు ఒక పగలంతా సన్నగా పొగబెట్టాలి. ఆ పొగ వేడికి కుండలో చెమ్మ ఆరుతుంది. మంట ఆ తర్వాతే. కుమ్మరింట పుట్టిన పసిపిల్లకైనా తెలిసిన సంగతి ఇది. పొగకాపరులకు తెలీదు.

"ఇంత పొగెందుకు? ఒక్కసారే పెద్ద మంట పెట్టు, పొగే రాదు" అన్నారు వాళ్లు.

"కుండలు పగిలిపోతాయి బాబూ" అంది గురవమ్మ.

"మంత్రిగారికంటే నీకెక్కువ తెలుసా?" అని దగ్గరుండి మరీ పెట్టించారు. కాసేపటికే లోపల కుండలు ఢాం ఢామని పేలాయి. ఒక్కటి మిగల్లేదు.

ఆమె ఏడ్చి, మళ్లీ మట్టి తొక్కి, మళ్లీ కుండలు చేసి ఆవం పేర్చుకుంది. ఈసారి తన పద్ధతిలో పొగబెట్టబోతే, ముందు పన్ను కట్టమన్నారు. ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఆవం నోటికి మట్టి మెత్తి, రాజముద్ర వేసిపోయారు. లోపల పచ్చికుండలు. పైన కప్పింది ఒట్టి గడ్డి. ఆకాశంలో తొలకరి మబ్బులు. ఒక్క వాన గట్టిగా పడిందంటే ఆ కుండలన్నీ తిరిగి మట్టే, ఆమె ఏడాది తిండీ ఆ మట్టిలోనే.

అప్పుడొచ్చాడు వల్లభయ్య. ఆయన రాజుగారి కొలువులో విదూషకుడు. రాజును నవ్వించడమే ఆయన పని. నీళ్లకుండ కొందామని గురవమ్మ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"కుండ ఉందా అమ్మా?"

"లేకేం బాబూ! రాజుగారి ముద్ర కిందుంది. తీసుకుపో."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. తొంగిచూస్తే ఆమె పొయ్యిలో పిల్లి పడుకుని ఉంది. మూడు రోజులుగా ఆమె పత్రాలమ్ముకుని, ఆ నూకలే నానబెట్టుకుని తింటోంది. వల్లభయ్య తిన్నగా సభకు పోయాడు.

గురవమ్మ ఆవం సంగతి విన్నవించి, "ప్రభూ, తమరి పొగచట్టం తప్పు" అన్నాడు.

మంత్రి మీసం సవరించుకున్నాడు. "వెకిలి మాటలతో పొట్టపోసుకునేవాడికి శాస్త్రం ఏం తెలుసు? ధర్మసూత్రాలు తిరగేసి రాసిన చట్టం అది!"

రాజు చెయ్యెత్తాడు. "వల్లభా, నా చట్టం తప్పని నా చట్టంతోనే నిరూపించు. రేపు పొద్దుగూకేలోపు నిరూపిస్తే ఆ కుమ్మరిదాని ఆవం తెరిపిస్తాను. లేకపోతే గుండు గీయించి, గాడిద మీద ఊరేగిస్తాను."

"చిత్తం. గాడిదను సిద్ధంగానే ఉంచండి. ఒక్కటే మనవి. రేపటికి వంటశాల పెత్తనం నాకిప్పించండి."

రాజు సరేనన్నాడు.

మర్నాడు రాజూ మంత్రీ పొద్దున్నే వేటకు పోయి, మిట్టమధ్యాహ్నం ఆవురావురుమంటూ తిరిగొచ్చారు. వంటశాల నుంచి కమ్మటి వాసన వస్తోంది. పీటలేశారు. రాజుకు బంగారు పళ్లెం, మంత్రికి వెండి పళ్లెం పెట్టారు. ఒక్కో పళ్లెంలో ఒక్కో తాటాకు. అంతే. మెతుకు లేదు.

"ఏమిటిది?" అన్నాడు రాజు.

"కడుపునిండిన పత్రం, ప్రభూ. చదువుతాను, ఆలకించండి. 'ఈ దినం కోటలో వండిన ముద్దపప్పు, గోంగూర, గడ్డపెరుగుతో కుమ్మరివీధి వారందరూ కడుపారా భోంచేశారు.' త్రేనుపులు నేనే దగ్గరుండి విన్నాను."

"వాళ్లు తింటే నాకేమిటయ్యా?"

"అదేమిటి ప్రభూ! వాళ్ల కడుపు నిండింది కాబట్టి, తమరి ఆకలి తీరినట్టే లెక్క. పత్రం పక్కాగా ఉంది. ముద్ర కూడా వేయించాను."

రాజు పళ్లు కొరికాడు. మంత్రి ఊరుకోలేకపోయాడు. పాపం, శాస్త్రమైతే ఎంతసేపైనా ఆగుతుంది, ఆకలి ఆగదు కదా! పళ్లెం అవతలికి తోసేసి అరిచాడు.

"ఒరే మూర్ఖుడా! ఎవడో తింటే ఇంకెవడి ఆకలో ఎలా తీరుతుందిరా?"

"నా అనుమానం కూడా అదే మంత్రిగారూ" అన్నాడు వల్లభయ్య చేతులు కట్టుకుని. "గురవమ్మ పొయ్యి ఆరిపోతే, కోట పొయ్యిలో పొగ ఎలా పోతుందండీ?"

మంత్రి ముఖం మాడిన అట్టులా అయింది. రాజు కాసేపు మంత్రినీ, కాసేపు ఆ తాటాకునూ చూశాడు. చూసి చూసి నవ్వడం మొదలెట్టాడు. పొట్ట పట్టుకుని, కళ్ల నీళ్లొచ్చేలా నవ్వాడు.

"భలే, వల్లభా! భలే!" అని చేతి కడియం ఊడదీసి ఇచ్చాడు. ఆవం ముద్ర తీసెయ్యమని అక్కడికక్కడే భటుణ్ణి పంపాడు. "ఇక అన్నం పెట్టించవయ్యా, చచ్చిపోతున్నాను" అన్నాడు.

వాన రాలేదు. ఆవం తెరుచుకుంది. గురవమ్మ సన్నగా పొగబెట్టింది. సాయంత్రం వల్లభయ్య ఆవం ముందు గొంతుక్కూర్చుని, గడ్డి సందుల్లోంచి లేస్తున్న ఆ పొగను సంబరంగా చూస్తున్నాడు. ఇక్కడితో ఆపేస్తే మంచి కథే. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా.

అప్పుడే వీధి మొదట్లో డప్పు మోగింది.

"వినండహో! నేటి నుండి చల్లపొయ్యి పత్రాలకు కోటవారు నూకలు ఇవ్వరు. బదులుగా రాజుగారు భోజనం చేసినట్టు కడుపునిండిన పత్రం ఇవ్వబడును. అది అందుకున్నవారు ఆకలి అని మొరపెట్టుకోరాదహో!"

చట్టం తప్పని తేలినా రాజుకేం పట్టింది? పత్రం ఆయనకు పనికొచ్చింది. భోజనం ముగించి చెయ్యి కడుక్కునేలోపే, మంత్రిని పిలిచి రాయించేశాడట.

వల్లభయ్య కడియం తీసి గురవమ్మ చేతిలో పెట్టబోయాడు. ఆమె పుచ్చుకోలేదు. ఇంకో పిడక ఆవంలో పెట్టి, కళ్లు తుడుచుకుంది. పొగకో, దేనికో.

"కుండ చల్లారాక వచ్చి తీసుకుపో బాబూ, నీ మేలు మర్చిపోను. కానీ నీ కాళ్లు పట్టుకుంటా, ఇంకోసారి ఆ రాజుకు తప్పు చూపించకు. నువ్వు బుద్ధి చెప్పొచ్చాననుకున్నావు. ఆయన ఉపాయం నేర్చుకున్నాడు."