ఆంబోతు ఎవరి పేరున?

అంకయ్య స్వామిని ప్రశ్న అడిగితే జవాబు వెంటనే వచ్చేది కాదు. కండువా భుజాన వేసుకుని నడక మొదలుపెట్టేవారు. అడిగినవాడు వెంటపడాల్సిందే.

ఆ ఉదయం అడిగినవాడు శిష్యుడు మాల్యాద్రి. "స్వామీ, జనమందరికీ సర్కారే వైద్యం చేయించాలంటున్నారు. ఒళ్లొంచి బతికేవాడికంటే సరే. పనీపాటా లేకుండా అచ్చోసిన ఆంబోతులా తిరిగేవాడికి కూడానా?"

"భలే మాట తెచ్చావు, పద," అన్నారు స్వామి.

ఊళ్లో ఆ రోజు పశువులకు గాలికుంటు సూదులు వేస్తున్నారు. పక్క ఊళ్లోకి రోగం అప్పటికే దిగిందని అందరికీ భయం. ప్రతి గొడ్డుకూ ఒక సూది, చెవికి ఒక బిళ్ళ, అంతా సర్కారు ఖర్చే. గేదెలూ ఆవులూ అన్నీ అయ్యాయి. మిగిలింది ఎవరో ఏనాడో శివుడి పేరిట వదిలిన ఆంబోతు ఒక్కటే.

"దాన్ని వదిలెయ్యండి," అన్నాడు మాల్యాద్రి. "చేలు మేయడం తప్ప అది చేసేదేముంది?"

పక్కనే ఉన్న ఆదెమ్మ గయ్యిమంది. "వదిలేస్తే నా దూడ సంగతేంది? పుట్టి తొమ్మిది రోజులు, దానికి సూది వెయ్యకూడదంట. ఆ మారాజు తెల్లారితే నా కుడితి తొట్లోనే మూతి పెడతాడు! నాకున్నది ఆ ఒక్క ఆవూ దూడే నాయనా!"

ఇక చూడాలి సంబరం! ఊరు ఊరంతా పలుపుతాళ్లతో కదిలింది. ఆంబోతు ఒక దడి తొక్కింది, రెండు గడ్డివాముల చుట్టూ తిప్పింది, పశువుల డాక్టరు చెప్పు ఒకటి బురదలో కలిపింది. "అటు కాయండి! తాడు, తాడు!" అని అందరికన్నా గట్టిగా అరుస్తున్నది ఎవరనుకున్నారు? మన మాల్యాద్రే. చివరికి మూపురం కరుచుకుని వేలాడింది కూడా అతనే.

డాక్టరు సూది ఎత్తి ఆగాడు. "రైతు పేరు చెప్పండి. పేరు ఫోన్లో ఎక్కితేగాని బిళ్ళ వెయ్యకూడదు, బిళ్ళ లేకుండా సూది వెయ్యకూడదు."

"శివుడిదని రాయండి," అన్నారెవరో.

"శివుడి ఫోన్ నంబరు చెప్పండి మరి."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరి చేలూ మేసిన గొడ్డు, తీరా అడిగితే ఎవరిదీ కాదు. తాళ్లు జారుతున్నాయి.

"నాది రాయండయ్యా!" అని మాల్యాద్రి గావుకేక పెట్టాడు. "మాల్యాద్రి! తొందరగా రాసి చావండి, నా చేతులు ఊడొస్తన్నాయి!"

సూది పడింది. ఊరు ఈలలు వేసింది. ఆంబోతు అతన్ని గడ్డిలోకి విసిరికొట్టి తన దారిన తాను పోయింది. ఆదెమ్మ నవ్వుతూ, ఏడుస్తూ, చెంగుతో అతని మొహం తుడిచింది.

మాల్యాద్రి ఒగరుస్తూనే లేచాడు. "అయింది స్వామీ! ఊళ్లో ఒక్కటి కూడా మిగల్లేదు!" పొద్దున తానేమడిగాడో ఆ సంతోషంలో అతనికి గుర్తే లేదు.

"పేరు లేని గొడ్డుకు నీ పేరిచ్చావు నాయనా," అన్నారు స్వామి. "మనుషులకైతే ఎవరి పేర్లు వాళ్లకున్నాయి గదా."