అరచేతులమ్మ నేల

ఒండ్రువాక గట్టు మీద వెలసిన అరచేతులమ్మ గుడికి వచ్చే భక్తులు ముందుగా బయటి నల్లరాతి అరుగు మీద కూర్చుని కాళ్లు కడుక్కుంటారు. లోపలికి రాగానే గంట కొట్టరు. వంగి, నేలకు అరచెయ్యి ఆనించి, ఆ తరువాతే తలెత్తి అమ్మను చూస్తారు. ఆ నేలంతా పాత ఇటుక, నడిచి నడిచి గుంటలు పడినది. పాలరాయి వేయిస్తామని ముందుకు వచ్చే దాతలకు పూజారులు నవ్వి, ఈ కథ చెబుతారు.

పూర్వం ఈ గట్టే అమ్మ అని నమ్మి, ఆమెను గట్టమ్మ అని పిలిచేవారు. ఒక ఏడు వాక పొంగి ఊరిని ఊడ్చుకుపోయింది. గట్టెక్కి బతికినవారు ఆ ఒండ్రుతోనే ఇటుకలు కోసి, కాల్చి, అమ్మ ముందు పరిచారు. ఊరిపెద్ద భార్య రేచమ్మ కూడా మట్టి మోసింది. ఆమె ఒక్కగానొక్క కూతురు సిరిమణి ఆ బురదలోనే ఆడుకుంది. మరుసటి వానాకాలం జ్వరం తగిలి ఆ పసిది కన్నుమూసింది. రేచమ్మకు మళ్లీ కడుపు పండలేదు.

ఏళ్లు గడిచాయి. ఇటుకలు కదిలాయి, కొన్ని చిట్లాయి. తల నెరిసిన రేచమ్మ, కూతురి పేరు నిలిచేలా నల్లరాయి పరిపిస్తానని మొక్కుకుంది. రాళ్లు బండ్ల మీద వచ్చి దిగాయి. మర్నాటి తెల్లవారుజామున అమ్మ ఆమెకు కలలో కనిపించి, "నన్ను పట్టుకున్న చేతులు విడిపిస్తావా?" అని అడిగింది. ఆ మాట రేచమ్మకు అంతుపట్టలేదు. మొక్కు తప్పితే బిడ్డకు అన్యాయం చేసినట్టేనని తొలి ఇటుక తానే పెకలించింది.

దాని అడుగున అరచేతి అచ్చు ఉంది! పక్కదాని అడుగునా ఉంది. కూలివారు పలుగులు వదిలేసి దండం పెట్టారు. కబురు విని, ఆనాడు ఇటుకలు కోసిన ముసలి సూరన్న కర్ర పోటేసుకుంటూ వచ్చాడు.

"మేం ఏసినయ్యేనమ్మా. మళ్లీ వరదొస్తే అమ్మ మమ్మల్ని గుర్తుపట్టాలని పచ్చి ఇటుకల మీద తలో చెయ్యి అద్దాం. ఎవరూ తొక్కకూడదని బోర్లా పరిచాం. తమరు అవతల మట్టికెళ్లినప్పుడు పాపగారూ ఏసింది."

రేచమ్మ ఒక్కొక్క ఇటుకే తిప్పి చూసింది. గర్భగుడి గడప దగ్గర ఒక చిన్న చెయ్యి కనిపించింది. చిటికెనవేలు కాస్త వంకర. ఆ వేలిని ఆమె ఎన్ని వేల సార్లు ముద్దాడిందో! ఇటుకను గుండెకు హత్తుకుని, ఇంటిదారి పట్టింది. గుడి వాకిలి దాటబోతుండగా కలలోని మాట గుర్తుకొచ్చి ఆగింది. వెనుదిరిగి, ఇటుకను దాని చోటనే బోర్లా పెట్టింది.

"అమ్మను పట్టుకునే ఉండు తల్లీ," అంది.

ఆ తరువాత ఇటుకల కింది ఇసుక చదును చేయించి, చిట్లని ప్రతి ఇటుకనూ తీసినచోటే పెట్టించింది. ఇటుకల అరిగిన పైభాగాన్ని చెక్కనివ్వలేదు. చిట్లినవాటిని పొడిచేసి కొత్త ఒండ్రులో కలిపించి ఇటుకలు కోయించి, ఒక పచ్చి ఇటుక మీద తన చెయ్యి అద్ది, కాలిన తరువాత కూతురి పక్కన పరిపించింది. రాళ్లు బయటి అరుగయ్యాయి. గట్టమ్మ అరచేతులమ్మ అయింది.

నేటికీ ఇక్కడ ఇటుక చిట్లితే ఇలాగే చేస్తారు. అమ్మను పట్టుకున్న చేతిని ఏ వరదా విడదీయలేదని భక్తుల నమ్మకం. బిడ్డను పోగొట్టుకున్న తల్లులు గడప దగ్గర చెయ్యి ఆనించి ఒక పట్టాన తీయరు. వారు లేచేదాకా పూజారి హారతి వెలిగించడు.