లేవని మిషను

మాబున్నికి మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు. తను రాసిన బూట్ లోడర్ ఒక మిషన్ను చంపేసింది. ఆ సంగతి ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

బూట్ లోడర్ అంటే, కంప్యూటర్ మీట నొక్కగానే అన్నిటికంటే ముందు లేచి తక్కినవాటిని లేపే చిన్న ముక్క. ఇంట్లో చీకటితో లేచే కోడలి లాంటిది. ఆమె లేవలేదంటే పొయ్యి రాజుకోదు, ఇంటిల్లిపాదీ అట్లే పడుంటారు.

గుత్తి దగ్గర ఒక చిన్న దర్గా ముందుగదిలో జిలానీ సాహెబ్ అనే ఫకీరు శిష్యులకు కంప్యూటర్ విద్య చెప్పేవారు. మాబున్నీ తక్కిన శిష్యులూ కలిసి ఒక ఆపరేటింగ్ సిస్టమ్, అంటే కంప్యూటర్‌ను నడిపే అసలు సాఫ్ట్‌వేర్, కట్టారు; అందులో బూట్ లోడర్ మాబున్ని వంతు. అది ఓపెన్ సోర్స్. ఏం వేసి ఎలా వండారో గోడ మీద రాసిపెట్టినట్టు, ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు, ఊరికే ఇంటికి పట్టుకుపోవచ్చు.

సోమవారం దాన్ని ఆడపిల్లల బడిలో ముప్పై రెండు పాత కంప్యూటర్లలో ఎక్కించాలి. అవి లేవకపోతే ఆ పిల్లలకు ఇంకో మిషను లేదు. వాళ్లు అందులో రాసుకున్నదీ మిగలదు. చచ్చిన మిషను సరిగ్గా ఆ బడి వాటి లాంటిదే. ఎందుకు చచ్చిందో మాబున్నికి అంతు చిక్కలేదు. దాన్ని గోనెపట్టా కింద దాచేసి, ఇంటర్నెట్‌లో, ప్రోగ్రాములు రాసే డెవలపర్లకు ఒక విన్నపం రాసింది. మా సిస్టమ్ గట్టిది, ఏ మచ్చా లేనిది, వచ్చి చెయ్యి కలపండి అని. ఎవరైనా వస్తే వాళ్ల కన్నే ఆ తప్పు మీద పడుతుందని ఆశ.

ఒక్కరూ రాలేదు.

తోటి శిష్యుడు పక్కీరప్ప అది చదివి నవ్వాడు. "పెళ్లి సంబంధాలు చెప్పేటోళ్లు కూడా ఇంత పొగడరక్కా. అంత చక్కని పిల్లకు మనతో ఏం పనిలే అని జనం పక్కకు పోతాండారు."

శుక్రవారం నమాజు అయ్యాక ఆమె గురువు దగ్గరికి పోయి, డెవలపర్లు ఎందుకు రావడం లేదని అడిగింది. మిషను సంగతి మాత్రం ఎత్తలేదు.

సాహెబ్ ఆ విన్నపమంతా చదివారు. లేచి లోపలికి పోయి, తన పాత ల్యాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టారు. తన గురువు చెప్పగా రాసుకున్న మాటలన్నీ అందులోనే ఉన్నాయి. చనిపోయిన భార్య గొంతు కూడా ఉంది. అది ఇంకెక్కడా లేదని మాబున్నికి తెలుసు.

"ముందు దీంట్లో ఎక్కించు బేటీ," అన్నారు.

మాబున్ని ఎక్కించే మీట మీద వేలు పెట్టింది. వేలు కదల్లేదు. సాహెబ్ తొందరపెట్టలేదు, పక్కన కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటున్నారు.

"వద్దు సాబ్," అంది చివరికి. "మీది పోతే?"

ఆయన తస్బీ ఆపలేదు. ల్యాప్‌టాప్ కూడా తీయలేదు.

ఆమెకు బడిపిల్లలు కళ్లముందు తిరిగారు. మీట నొక్కి, నల్లటి తెర వైపు చూస్తూ కూర్చున్న ముప్పై రెండు మంది.

లేచి పోయి గోనెపట్టా లాగేసింది. చచ్చిన మిషన్ను రెండు చేతులా మోసుకొచ్చి ఆయన ముందు దించింది. బడి టీచరమ్మకు ఫోన్ చేసి, సోమవారం రాలేమని చెప్పింది. అవతల నుంచి ఏ మాటలు పడ్డాయో గానీ మొహం కందిపోయింది. తర్వాత తన విన్నపం తెరిచి, ఉన్నదంతా చెరిపేసి, కొత్తగా నాలుగు ముక్కలు రాసింది. ఒక మిషను నా చేతిలో చచ్చింది. ఎందుకో తెలియదు. ఇంకొన్ని చస్తాయేమోనని భయంగా ఉంది. నేను రాసిందంతా ఇదిగో.

పంపేసి గురువు వైపు తిరిగింది.

"ఇట్లా రాస్తే ఎవరన్నా వస్తారా సాబ్? ఉన్నోళ్లు కూడా వెళ్లిపోతారేమో."

సాహెబ్ కళ్లద్దాలు తుడుచుకుని, తన పీట ఆమె పక్కకు జరుపుకున్నారు.

"నువ్వు రాసినదాంట్లో ఏ వరుస కాడ భయమేసిందో, అది చూపించు బేటీ."