మూడు కిలోల నక్క

తూర్పు కనుమల్లో వానలు పట్టుకున్నాయంటే ఘాట్ రోడ్డు నిండా మోకాలి లోతు బురద. సైకిలు తొక్కే జంతువులన్నీ అప్పుడు కొండ కింద రేకుల షెడ్డులో చేరతాయి. అక్కడ ఏడు సైకిళ్ళని వరసగా స్టాండ్లకి బిగించి ఉంచారు. చక్రం తిరుగుతుంది, బండి కదలదు. ఎదురుగా గోడకి ఒక తెర, తెర మీద ఒక కొండ. ఇక్కడ మనం తొక్కితే అక్కడ మన బొమ్మ ఎక్కుతుంది.

దున్నపోతు సింహాద్రికి ఈ ఏర్పాటంటే మొదటి రోజు నుంచీ ఒళ్ళుమంట.

"గంట తొక్కాను మంగా! దిగి చూస్తే అదే గుంజ, అదే మేకు, ఆ మేకు మీద అదే బల్లి. దీనికన్నా గానుగెద్దు నయం, కనీసం గుండ్రంగానైనా తిరుగుతుంది," అన్నాడు రొప్పుతూ.

పక్క సైకిలు మీద మేక మంగతాయారు కాళ్ళు ఎత్తుకుంది. "తిట్టుకుంటే తిట్టుకో మావా, కాస్త అటు తిరిగి తిట్టుకో. నీ చెమటంతా నా వైపే పారుతోంది."

"పారదా మరి? నాలుగొందల ఎనభై కిలోలు! ఒక మనిషి స్నానం చేసేంత నీళ్ళు నా వీపు మీదే ఉంటాయి."

అయినా మానలేదు. వానలు వెలిశాక జరిగే కొండ పందేనికి ఆరుగురికే నంబర్లు ఇస్తారు. ఏడోవాడు ఊడ్పు బండి లాగాలి. అంటే తన సైకిలుకి రెండు చక్రాల బండి తగిలించుకుని, అందరికన్నా వెనక వస్తూ, దారిలో పడిపోయిన నీళ్ళ సీసాలనీ, చతికిలబడిపోయిన మొనగాళ్ళనీ ఎక్కించుకుని పైకి చేర్చాలి. మూడేళ్ళుగా ఆ ఏడోవాడు సింహాద్రే. పందెం చూడటానికొచ్చిన దూడలు కూడా "చెత్తబండి తాతయ్యొచ్చాడు!" అని చప్పట్లు కొట్టేవి. ఈసారైనా, ఒక్కసారైనా, వీపు మీద నంబరుతో ఆ కొండెక్కాలని అతని కోరిక. గెలవాలని కాదు, అంత మతిలేనివాడేం కాదు.

నంబరు ఎవరికన్నది తేల్చేది పెడల్లో బిగించిన పవర్ మీటరు. కాలు ఎంత బలంగా తొక్కుతోందో అది వాట్లలో చెబుతుంది. ఆ వాట్లని ఒంటి బరువుతో భాగిస్తారు. కొండెక్కేవాడికి బలం ఒక్కటే చాలదు, మోసుకెళ్ళాల్సిన ఒళ్ళు కూడా ఉంటుంది కదా. ఎవరి బరువు వాళ్ళే చెప్పి రాయించుకోవాలి.

సింహాద్రి తొక్కితే తొమ్మిదొందల అరవై వాట్లు. రేకులు గడగడలాడేవి. భాగించి చూస్తే కిలోకి రెండు. జింక, కొండముచ్చు, కుక్క, అడవిపంది, మంగతాయారు, అందరూ అంతకన్నా కాస్తో కూస్తో పైనే. వీళ్ళందరికన్నా పైన, తెర మీద బంగారు కిరీటం పెట్టుకుని, నక్క కామేశం. పన్నెండు వాట్లు, కిలోకి నాలుగు.

"పన్నెండా!" సింహాద్రి పెడల్ మీంచి కాలు తీసేశాడు. "నా పెడల్ మీద ఈగ వాలితే పన్నెండు చూపిస్తుంది! నేను ఏడు, వీడు ఒకటా?"

కామేశం తువ్వాలుతో మీసం అద్దుకున్నాడు. చెమట పట్టలేదు గానీ పట్టినట్టు అద్దుకోవడం అతనికి అలవాటు. "కోపం దేనికి బావా, అంతా లెక్క. నా బరువు మూడు కిలోలు."

"మూడా? నిన్న నువ్వు మింగిన పుచ్చకాయే మూడుంటుంది కదరా!"

"నాకు అరుగుదల బాగు బావా. నువ్వూ కాస్త తగ్గించు. ఆ తవుడు మానెయ్యి."

తవుడు మాట ఎత్తేసరికి సింహాద్రికి కళ్ళు ఎర్రబడ్డాయి. తిన్నగా పందెం పెద్ద, తాబేలు వరాలమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"అత్తా, ఆ నక్కని తూకం వెయ్యండి."

"దేంతో వెయ్యనురా? ఉన్న ఒక్క కాటా మీదా పోయినేడు నువ్వే ఎక్కావు."

"ఎక్కలేదత్తా, ఒక్క కాలు పెట్టానంతే."

"ఆ కాలికే పోయింది. కాటా లేదు కాబట్టి ఎవరి మాట వాళ్ళది. అంత బాధగా ఉంటే నీదీ తగ్గించి చెప్పు."

"చెబుదామనే అద్దం ముందు నిలబడ్డానత్తా. రెండొందలు అనుకుని చూసుకున్నాను. నాకే నవ్వాగలేదు."

వరాలమ్మ తల లోపలికి లాక్కుంది. ఆవిడ తల లోపలికి పోయిందంటే మాట అయిపోయినట్టే.

ఉసూరుమంటూ సింహాద్రి షెడ్డు వెనక్కి వెళ్ళాడు. ఎలాగూ మళ్ళీ తనే లాగాలి, కనీసం ఊడ్పు బండి ఇరుసుకి ఆముదం రాద్దామని. బండి మూత ఎత్తితే అడుగున ఎప్పటి సంచి అక్కడే ఉంది. నిండా గులకరాళ్ళు. ఎందుకు మోస్తున్నానా అని ఏటా విసుక్కునే సంచి.

అప్పుడు గుర్తొచ్చింది. నాలుగేళ్ళ కిందట మలుపులో గాలికి ఉడుత సైకిలుతో సహా లోయలోకి ఎగిరిపోయింది. మూడో నాడు ఒక ఉసిరి చెట్టు మీద దొరికింది. ఆనాడే వరాలమ్మ రూలు పెట్టింది: ఎనిమిది కిలోలకి తక్కువున్నవాళ్ళు, తక్కువైనంత మేర రాళ్ళు కట్టుకునే పందెంలో దిగాలి. ఆ తర్వాత చిన్న ప్రాణులెవరూ రాలేదు, రూలు అందరూ మర్చిపోయారు. ఆ సంచిని మూడేళ్ళు కొండ మీదికి లాగినవాడు కూడా, ఇవాళ్టి దాకా.

మర్నాటి నుంచి సింహాద్రి నోట విసుగు మాట లేదు. మంగతాయారు భయపడింది కూడా.

"కామేశం, నిజం చెప్పు, మూడేనా? నాకు రెండున్నరలా కనిపిస్తున్నావు," అనేవాడు సింహాద్రి రోజూ.

"చూసేవాళ్ళ కన్నుని బట్టి బావా," అని నక్క పొట్ట లోపలికి పీల్చుకునేవాడు.

నంబర్లు ఇచ్చే రోజు అందరూ షెడ్డులో చేరారు. సింహాద్రి గొంతు సవరించుకున్నాడు. "అత్తా, కామేశం బరువొకసారి పైకి చదవండి. నాలాంటి కొవ్వు మూటలకి సిగ్గొస్తుంది."

"మూడు కిలోలు," చదివింది వరాలమ్మ. "అంతేనా కామేశం?"

"అంతే! మాట మీద నిలబడే వంశం మాది." అడక్కుండానే పంజా తడిపి వేలిముద్ర కూడా వేశాడు.

సింహాద్రి వెనక్కి వెళ్ళి సంచి తెచ్చి నక్క ముందు దభీమని దించాడు. "ఎనిమిదికి అయిదు తక్కువ. ఉడుత రూలత్తా, మీరు పెట్టిందే."

వరాలమ్మ పుస్తకం పేజీలు తిప్పింది. తాబేలు తిప్పడం కదా, ఆ పేజీ వచ్చేసరికి కామేశం ముఖంలో నాలుగు రంగులు మారాయి. "ఉందిరా నాయనా. అయిదు కిలోలు వీపుకి కట్టండి."

కుక్క, అడవిపంది కలిసి కట్టాయి. కామేశం సైకిలెక్కి ఒక్క పెడల్ తొక్కాడు. రెండోది కిందికి దిగలేదు. నాలుక బయటికొచ్చింది.

"దింపండి! ఎనిమిదికి అయిదు కలిపితే పదమూడు, చచ్చిపోనూ!"

తెర మీద బొమ్మ ఆగిపోయింది.

"ఎనిమిదికా?" అంది వరాలమ్మ తల పూర్తిగా బయటికి పెట్టి. "పన్నెండు వాట్లు, ఎనిమిది కిలోలు... ఒకటిన్నర. కామేశం ఏడు. సింహాద్రి ఆరు."

పందెం రోజు ఎండ కాసింది. వీపు మీద ఆరో నంబరుతో సింహాద్రి కొండెక్కుతున్నాడు. ముందున్న అయిదుగురూ ఎప్పుడో కనుమరుగయ్యారు. వెనక ఊడ్పు బండి లాగుతూ కామేశం.

"బావా, కనీసం ఆ రాళ్ళ సంచి పారేయనా?"

"ఎలా కుదురుతుందిరా? బండిలోది దించకూడదని రూలు. మూడేళ్ళు నేను దించానా?"

నాలుగో మలుపులో సింహాద్రి సైకిలు అటూ ఇటూ ఊగింది. "అబ్బా, పిక్క పట్టేసింది. ఇక నా వల్ల కాదేమో. దిగిపోతాను, బండిలో ఎక్కించుకో."

కామేశం వెనక్కి తిరిగి బండి చూశాడు, ముందుకి తిరిగి నాలుగొందల ఎనభై కిలోలు చూశాడు. తోక రోడ్డుకి జారిపోయింది.

"దిగకు బావా! నీ కాళ్ళు పట్టుకుంటా! నీ అంత తొక్కేవాడు ఈ కొండల్లో లేడు! తొక్కు నా తండ్రీ, తొక్కు!"

సింహాద్రి తొక్కాడు. ఆ మలుపులో ఒకసారి, పై మలుపులో ఒకసారి, ఊపిరి బాగానే ఆడుతున్నా, పిక్క పట్టేస్తూనే ఉంది. పైన గట్టు మీద దూడలు చప్పట్లు కొట్టాయి. అందరికన్నా ఆఖర్న వచ్చిన ఆరో నంబరుకి కాదు, కొండ పొడుగునా అతన్ని పొగుడుతూ వచ్చిన చెత్తబండి మావయ్యకి.

నీతి: తూకంలో వదిలేసిన బరువు ఏదో ఒక ఎత్తులో వీపు మీదికి వస్తుంది.