గదికి సరిపడ్డ చలిభూతం

అనగనగా... ఎక్కడో అని అడక్కండి, ఎండ ఎక్కువున్న చోటే అనుకోండి, మండువాడ అని ఒక రాజ్యం. ఒరే శశాంకూ, ఆ దుప్పటి కాళ్ళ మీంచి తన్నెయ్యి, ఈ కథ నిండా ఉక్కపోతే. ధాత్రీ, నువ్విటు జరుగు. ఊ కొడుతుండాలి మరి, మీరు మానేస్తే నేనూ మానేస్తాను.

ఆ రాజ్యంలో ఎండలు ఎలాంటివనుకున్నారు? ఎండకి ఏరు ఎండింది. ఏరు ఎండితే గడ్డి మాడింది. గడ్డి మాడితే ఆవు చిక్కింది. ఆవు చిక్కితే పాలు తగ్గాయి. పాలు తగ్గితే పిల్లలు ఏడ్చారు. అందరికంటే గట్టిగా ఏడ్చిందెవరయ్యా అంటే రాజుగారి మనవడు. అప్పుడే పుట్టాడు, ఇంకా పేరైనా పెట్టలేదు.

వాడి తల్లి మంగతాయారు, రాజుగారికి ఒక్కగానొక్క కోడలు. విసనకర్రతో విసిరి విసిరి ఆ పిల్లకి చేతులు లాగేసేవి. కుడిచెయ్యి లాగితే ఎడమచెయ్యి, ఎడమచెయ్యి లాగితే కుడిచెయ్యి. బిడ్డ ఒళ్ళంతా చెమటకాయలు. పాలు తాగడు, కన్ను మూయడు. వైద్యుడొచ్చి నాడి చూసి, వీడికి నిద్ర పట్టకపోతే దక్కడమ్మా అనేసి వెళ్ళిపోయాడు. తల్లికెలా ఉంటుంది చెప్పండి?

అప్పుడు రాజుగారికి చలికొండ గుర్తొచ్చింది. ఆ కొండగుహలో చలిభూతాలు ఉండేవట. అమ్మో అనకండి, కరిచే భూతాలు కావవి. కడుపునిండా అన్నం పెడితే కిటికీలో కూర్చుని చల్లగా ఊదుతాయి, అంతే. ఇప్పుడు మనం ఏసీకి టన్ను, టన్నున్నర అంటామే, అలాగే వాటిలోనూ చిన్నవీ పెద్దవీ ఉన్నాయి.

రాజుగారు గది ఎంతుందో చూశారా? చూళ్ళేదు. నా మనవడికి అన్నిటికంటే పెద్దదే కావాలన్నారు. రాజు కదా మరి! ఏనుగంత భూతాన్ని తోలుకొచ్చి పురిటిగది కిటికీలో ఇరికించారు. సగం లోపల, సగం బయట. అది ఒక్కసారి ఉఫ్ఫ్‌మంది. అబ్బబ్బ! గది గదంతా మంచు! మంగతాయారు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక అంత చల్లదనం ఆ పిల్ల ఒంటికి తగల్లేదు. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

ఊ కొడుతున్నారా? ఆఁ.

ఒక్క ఊదు ఊది, నా పనైపోయిందని ఆ భూతం గుర్రుపెట్టింది. గాలి చల్లబడింది గానీ గాలిలో చెమ్మ అలాగే ఉంది. గోడలు చెమర్చాయి, పక్క జిగటజిగటగా అయిపోయింది. కాసేపటికి మళ్ళీ వేడి. వేడెక్కితే లేచింది, లేచి గంగాళం అన్నం తింది, తిని ఉఫ్ఫంది, ఉఫ్ఫని పడుకుంది. పడుకుంటే ఉక్కపోసింది, ఉక్కపోస్తే లేచింది, లేచినప్పుడల్లా ఒక గంగాళం! పిల్లాడు వణుకుతాడు, చెమటలు పడతాడు, మళ్ళీ వణుకుతాడు. పాపం తుమ్ములు కూడా మొదలయ్యాయి.

రాజుగారికి కోపమొచ్చి, అయితే అన్నిటికంటే చిన్నదే తెండన్నారు. పిల్లి అంత భూతం వచ్చింది. కూర్చున్న దగ్గర్నుంచీ ఊదుతూనే ఉంది, ఊదుతూనే ఉంది, గది మాత్రం చల్లబడదు. పొద్దు పడమటికి వాలేసరికి నాలుక బయటపెట్టి దభీమని కింద పడింది. మంగతాయారు దానికి మజ్జిగ పట్టి, ఒళ్ళో బిడ్డనీ పక్కన భూతాన్నీ పెట్టుకుని ఇద్దరికీ విసురుతూ కూర్చుంది. ఎంత మంచి మనసో చూడండి!

విసురుతూ విసురుతూ ఉంటే ఒకటి తట్టింది. మా పుట్టింట్లో ఎసరు పెట్టేముందు తినేవాళ్ళెందరని అడుగుతాం కదా, మరి ఈ గదికి ఎంత చల్లదనం కావాలో ఎవరూ అడగలేదేమిటి అనుకుంది. లేచింది. పొడుగూ వెడల్పూ మూరలేసి కొలిచింది. పైకప్పు ఎత్తు చూసింది. ఒక్కో గోడా తడిమింది. పడమటి గోడ మీద చెయ్యి పెట్టిందో లేదో చురుక్కుమంది, అచ్చం అట్లపెనమే. ఇటు తిరిగి చూస్తే మూలన కుంపటి! పురిటిగదిలో సాంబ్రాణి పొగ ఉండాలని పొద్దస్తమానం నిప్పులు రాజేస్తూనే ఉన్నారు. ఇక అత్తగారూ, పిన్నత్తగార్లూ, మంత్రసానీ, చూడొచ్చిన చుట్టాలూ, ఆకూవక్కా నములుతూ గదినిండా జనం. కిటికీలో చలిభూతం, మూలన నిప్పులకుంపటి! ఇన్నాళ్ళూ కళ్ళెదుటే ఉంది, ఎవరికీ పట్టలేదు.

అత్తగారితో చెప్పాలంటే ఆ పిల్లకి భయమే. అయినా బిడ్డ మొహం చూసుకుని చెప్పేసింది. అత్తయ్యగారూ, సాంబ్రాణి బిడ్డకి నీళ్ళు పోసినప్పుడు వేద్దాం, తర్వాత కుంపటి బయట పెట్టించండి, చూడొచ్చినవాళ్ళు వసారాలో కూర్చోవాలి అని. ఆవిడ గయ్యిమని లేచింది. మా అత్తగారి నాటి ఆచారం, నిన్నగాక మొన్నొచ్చి నువ్వు మారుస్తావా అంది. ఇంతలో పిల్లాడు కీచుమన్నాడు. ఏడవడానికి కూడా ఓపిక లేని ఏడుపది. ఆవిడ చటుక్కున మనవడి వైపు తిరిగింది. వెళ్ళి తన చేత్తోనే కుంపటి ఎత్తి అవతల పెట్టొచ్చింది.

పడమటి గోడ బయట తాటాకుల పందిరి వేయించారు. అప్పుడు మంగతాయారు పిల్లిభూతాన్ని అడిగింది, ఇప్పుడీ గదికి మీలో ఎవరు సరిపోతారని. అది గదంతా ఒకసారి తిరిగొచ్చి, మా నడిపన్న చాలు, దూడంత ఉంటాడంది.

రాజుగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఏమిటీ, నా మనవడికి దూడంత భూతమా, పొరుగు రాజులు నవ్వరూ అన్నారు. మంగతాయారు తలుపు చాటునుంచే చెప్పింది.

"మామయ్యగారూ, భూతం ఎంతుందని పొరుగు రాజులు చూస్తారు. నా బిడ్డ చూడడు. వాడికి నిద్ర కావాలి."

రాజుగారు నడిపి భూతాన్ని తెప్పించారు.

అది ఏనుగుభూతంలా ఉఫ్ఫనలేదు, పిల్లిభూతంలా రొప్పలేదు. సన్నగా, నిదానంగా, ఆపకుండా ఊదింది. ఊదుతూ ఊదుతూ గదిలో చెమ్మంతా తాగేసింది. తాగింది తాగినట్టు తోకలోంచి బయటికి వదిలింది. టప్పు... టప్పు... టప్పు... కింద బిందె పెడితే నిండిపోయింది! వైశాఖమాసంలో, చుక్క నీరు లేని ఊళ్ళో, గాలిలోంచి నీళ్ళు! ఊరు ఊరంతా కిటికీ కిందకొచ్చి చేతులు జోడించి నిలబడింది. గట్టిగా ఊపిరి తీస్తే ఆ నీళ్ళు ఎక్కడ ఆగిపోతాయో అని భయం వాళ్ళకి.

లోపల గోడలు ఆరాయి. పక్క ఆరింది. పిల్లాడి ఒళ్ళు ఆరింది. ఏడుపు తగ్గింది, తగ్గింది, ఆగిపోయింది. మంగతాయారు ఉలిక్కిపడింది. ఇన్నాళ్ళూ ఆగని ఏడుపు ఎందుకాగింది? వేలు వాడి ముక్కు దగ్గర పెట్టి చూసింది. వెచ్చగా ఊపిరి. నిద్రపోతున్నాడు! విసనకర్ర జారి కిందపడ్డా ఆ పిల్ల తీసుకోలేదు. ఆ చెయ్యి ఇంక విసరక్కర్లేదు.

ఆ తర్వాత ఏనుగుభూతాన్ని రాజసభకి పంపారు. అంత పెద్ద సభలో దానికి నిద్రపోయే తీరికే లేదు, సంబరంగా ఊదేది. పిల్లిభూతం బుల్లి పెరుగు గదిలో హాయిగా కాపరం పెట్టింది. రాజుగారు మాత్రం మనవణ్ణి చూడ్డానికొచ్చి, గుమ్మంలోనే చెప్పులు విడిచి, కిరీటం చంకలో పెట్టుకుని, మునివేళ్ళ మీద నడిచేవారట.

అందుకేనర్రా, ఎంత ఏసీ కావాలో ముందు గదిని అడగాలి, గోడల్ని అడగాలి, అందులో పడుకునేవాళ్ళని అడగాలి. ఎదురింటివాళ్ళని అడక్కూడదు. రేపు ఏసీల కొట్టుకి బయల్దేరేముందు మీ నాన్నకీ చెప్పండి. కథేమో కంచి బండెక్కింది, మనమేమో మంచం ఎక్కాం. శశాంకూ? ధాత్రీ? ఊ కొట్టరేమర్రా... అమ్మయ్య, పడుకున్నారు.