ముంతలో బుసబుస

ఒకప్పుడు చోడికల్లు పులుస్తుంటే చప్పుడయ్యేది కాదు. చోళ్లంటే రాగులే, కొండమీద అలాగే అంటారు. ముంతకు చెవి ఆనించి ఎంతసేపు కూర్చున్నా, చెవి చల్లబడటం తప్ప లాభం ఉండేది కాదు.

ఎందుకంటే, కల్లును పులియబెట్టే మడ్డి ఆ రోజుల్లో లోకమంతటికీ ఒక్కతే. బొటనవేలంత ఉండేది. తెల్లగా, మెత్తగా, కాళ్లూ చేతులూ లేకుండా. జల్లెడ అరువు తెచ్చుకున్నట్టు దాన్ని ఒకరింటినుంచి ఒకరు తెచ్చుకునేవారు. ముంతెడు తీపి గంజిలో వేస్తే తిని, పులియబెట్టి, అడుగున పడుకునేది. ఒంటరిది, ఎవరితో మాట్లాడుతుంది?

ఒక ఏడు సుక్రి అనే ఆమె చేలో చోడినారు ఎండిపోతోంది. మబ్బు వచ్చాడు గాని కురవలేదు, దాహమన్నాడు. మబ్బుకు దాహమేమిటని అడగకండి. సముద్రం తాగి వచ్చినవాడి నోరు ఎంత ఉప్పగా ఉంటుందో మీరే ఆలోచించండి.

“ఏటా ముంతెడు కల్లు పోసి పంపేస్తున్నావు కోడలా. ఈసారి గోలెం నిండా పొయ్యి. లేదంటే అవతలి కొండకు పోతాను” అన్నాడు.

సుక్రి ఇంట్లో మిగిలిన చోళ్లన్నీ మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, గోలెం నిండా తీపి గంజి కాచింది. ఇది పాడైతే ఇంక గింజ లేదు, వానా లేదు. గంజి చల్లారాక మడ్డిని తెచ్చి గోలెం అంచున కూర్చోబెట్టింది.

మడ్డి లోపలికి తొంగిచూసింది. “ఇంత గంజిలో నేనొక్కదాన్నా? నేనో మూల తినేలోపు కుళ్లు వచ్చి మిగతాదంతా ఎంగిలి చేస్తుందమ్మా” అంది.

కుళ్లు అప్పటికే ఆకుపచ్చ గొంగళి కప్పుకుని, సొంత గరిటె తెచ్చుకుని గుమ్మంలో కూర్చుంది. తనకేం తొందర లేదంది.

సుక్రి బతిమాలలేదు. ముంతెడు గంజి తీసి, నీళ్లు కలిపి పల్చన చేసి, మడ్డిని అందులో వేసింది. గోలేనికి మూతపెట్టి, మూతమీద తానే ఎక్కి కూర్చుని, ముంతను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని ఊపింది.

మడ్డి కడుపారా తింది. ఊపుకు ఊపిరాడింది. పక్కటెముక దగ్గర బొడిపె లేచింది. దానికి పక్కటెముక ఎక్కడిదంటే నేను చెప్పలేను. ఆ బొడిపె ఊడిపడి అచ్చం మడ్డిలాంటి ఇంకో మడ్డి అయింది.

“రా కూతురా” అంది ఒకటి.

“నువ్వే నా కూతురివి” అంది రెండోది.

ఆ తగువు తెగకముందే రెంటికీ బొడిపెలు లేచాయి. చోటు చాలక అన్నీ చిక్కి చిక్కి కంటికి ఆననంత చిన్నవయ్యాయి. ముంత నిండా అమ్మలే. కూతురినని ఒప్పుకునేది ఒక్కటీ లేదు.

“అమ్మెవరో గోలెంలో తేల్చుకోండి” అని సుక్రి మూత తీసి, వాటిని లోపల ఒంపేసింది.

కుళ్లు గరిటెతో వచ్చి చూస్తే కాలు మోపే చోటు లేదు. కాస్త జరగమంది. గోలెమంతా ఒక్కసారిగా దానివైపు తిరిగి, “ముందు నువ్వు చెప్పు, మాలో అమ్మెవరు?” అని అడిగింది. ఇంటి తగువులో సాక్ష్యం చెప్పడం కుళ్లుకు కూడా భయమే. గరిటె అక్కడే వదిలేసి పోయింది.

కల్లు పులిసింది. మబ్బు గోలెం ఖాళీచేసి, కొండ అదిరేలా త్రేన్చి, సుక్రి నారుమీద కురిశాడు.

అప్పటినుంచే, మడ్డికి ముందు ముంతలో తినిపించి, ఊపి, పెంచి, ఆ తర్వాతే గోలెంలో పోస్తారు. ఆ ముంతకు చెవి ఆనిస్తే బుసబుసమంటుంది. నురగ చప్పుడంటారు పెద్దవాళ్లు. కాదు. అమ్మెవరో ఇంకా తేలలేదు.